అస్థిసాక్ష్యము: రేడియో కార్బను కాలనిర్ణయమున కల్మషశోధన

ప్రాచీన కావ్యములను పరిష్కరించు పండితులకు ప్రక్షిప్తముల బాధ క్రొత్త గాదు. ఒక తాళపత్రప్రతిలో మూలకవి పద్యములతోబాటు తరువాతి లేఖకులు చేర్చిన పద్యములును కలసియుండును. ఆ చేరిన పద్యముల భాషనుబట్టి కవికాలమును నిర్ణయించినచో, వచ్చిన కాలము కవిది గాక లేఖకునిది యగును. తర్కమున దోషము లేకున్నను ఫలితము దోషయుక్తమే. ఇంచుమించుగ నిట్టి చిక్కే ప్రాచీనాస్థుల వయస్సును రేడియో కార్బను పద్ధతిచే నిర్ణయించు శాస్త్రజ్ఞులకును ఎదురైనది. ఎముకలోనున్న కర్బనములో ఏది ఆ ప్రాణిది, ఏది తరువాత మట్టినుండియు, నీటినుండియు, మనుష్యుల చేతులనుండియు వచ్చి చేరినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ పద్ధతి చరిత్రలో ముఖ్యభాగము.

మన పరిశోధక విద్యార్థులు దక్షిణాపథపు పూర్వచరిత్రను స్పృశించునప్పుడు "కార్బను పరీక్షవలన తేలిన కాలము" అని యొక సంఖ్యను ఉదాహరించి, దానిని శిలాశాసనముపై చెక్కిన శకవర్షమువలె నమ్ముచుందురు. సంఖ్యకు ప్రక్కన "అటునిటు 340 ఏండ్లు" అని యుండుటచే ఆ నమ్మకము మఱింత దృఢమగును. కాని ఆ అటునిటు అంకె యంత్రపు కొలతలోని అనిశ్చయమును మాత్రమే తెలుపును. కొలువబడిన కర్బనము ఎవరిదో తెలుపదు. కొలత యొక్క సూక్ష్మత వేఱు, ఫలితము యొక్క యథార్థత వేఱు. ఈ భేదమును ఎముకలవిషయమున సోదాహరణముగ వివరించుట మా యుద్దేశము.

మొదట పద్ధతి యొక్క మూలసూత్రమును జ్ఞప్తికి దెచ్చుకొందము. విశ్వకిరణముల తాకిడిచే పై వాతావరణమున న్యూట్రానులు పుట్టి, నత్రజని పరమాణువులను తాకి, వానిని కర్బనము-14గా మార్చుచుండును. ఇది సామాన్య కర్బనముతో కలసి బొగ్గుపులుసు గాలిరూపమున మొక్కలలోనికిని, మొక్కలనుండి జంతువులలోనికిని చేరును. జీవించియున్న ప్రాణిలో దీని పాలు మిక్కిలి స్వల్పము. లక్షకోట్ల కర్బన పరమాణువులకు ఇంచుమించు ఒకటి మాత్రమే. ప్రాణి మరణించిన పిమ్మట క్రొత్త కర్బనము చేరదు. ఉన్నది క్షీణించుచు, సుమారు 5,730 ఏండ్లకు సగమగును. మిగిలినదానిని కొలిచి గతకాలమును గణింతురు. షికాగో విశ్వవిద్యాలయమున విల్లర్డు లిబ్బీయు ఆయన సహచరులును ఈ పద్ధతిని 1949లో స్థాపించిరి. 1960లో లిబ్బీకి రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

సూత్రమింత సుబోధమైనను, ఎముక ఇందులకు అంత సులభముగ లొంగలేదు. ఎముకలో రెండు భాగములు కలవు. ఒకటి కాల్షియము, భాస్వరములతో గూడిన ఖనిజభాగము. రెండవది కొలాజెను అను మాంసకృత్తు. క్రొత్త ఎముక బరువులో ఇది ఇంచుమించు ఐదవవంతు. ఖనిజభాగమునను కొంత కర్బనము కలదు గాని, భూమిలోనున్నప్పుడు ఇంకు నీటిలోని కర్బనముతో అది మారకము పొందుచుండును. కావున ఖనిజమును కొలిచినచో ప్రాణి వయస్సునకు బదులు ప్రాణికిని నీటికిని మధ్యనుండు ఏదో యొక వయస్సు వచ్చును. ఈ కారణముచే శాస్త్రజ్ఞులు కొలాజెనునే ఆశ్రయించిరి. అదియు కాలక్రమమున శిథిలమై, మట్టిలోని కుళ్లిన ఆకులనుండి పుట్టు హ్యూమికు ఆమ్లములతో ముడివడును. ముడిని విప్పుటయే అసలు సమస్య.

స్వల్పమైన కల్మషము ఎంత అనర్థమును కలిగింపగలదో లెక్కవలన చూతము. నిజముగ 5,000 ఏండ్ల వయస్సుగల ఎముకలో నూటికొకపాలు నేటి కర్బనము చేరినచో, ఫలితము సుమారు 4,930 ఏండ్లుగ వచ్చును. డెబ్బదియేండ్ల తప్పు, సహింపదగినదే. కాని 29,000 ఏండ్ల ఎముకలో అంతే కల్మషము చేరినచో, ఫలితము 26,500 ఏండ్లకు దిగిపోవును. కర్బనము-14 బొత్తిగ లేని మిక్కిలి ప్రాచీనవస్తువున అదే ఒకపాలు చేరినచో, అది 37,000 ఏండ్లదిగ కనబడును. కారణము స్పష్టము. 29,000 ఏండ్లు గడచునప్పటికి ఎముకలో మిగులు కర్బనము-14 మొదటిదానిలో నూటికి మూడుపాళ్లైనను ఉండదు. అట్టిచోట నేటి కర్బనము ఒకపాలు చేరుటయనగా, చెంబుడు నీటిలో చెంబుడు చేరుట గాకున్నను, మూడు గ్రుక్కలలో ఒక గ్రుక్క చేరుట వంటిది. దీనికి విపర్యయముగ, సున్నపురాతినుండి వచ్చు మృతకర్బనము నూటికొకపాలు చేరినచో, ఏ వయస్సు ఎముకయందైనను 80 ఏండ్ల తప్పు మాత్రమే కలుగును. కావుననే మిక్కిలి ప్రాచీనమైన ఎముకలలోని దోషము ఇంచుమించు ఎల్లప్పుడును వానిని ఉన్నదానికంటె పిన్నవిగనే చూపును.

ఇందుకు ప్రసిద్ధోదాహరణము దక్షిణ వేల్సు దేశమునందలి గవర్ సముద్రతీరమున, పావిలాండు గుహలో దొరికిన అస్థిపంజరము. ఆక్స్‌ఫర్డులో భూగర్భశాస్త్రమును బోధించిన విలియం బక్లాండు దానిని 1823లో త్రవ్వి తీసెను. ఎముకలకు జేగురు రంగు పట్టియుండెను; దంతపు కడ్డీలును, చిల్లులు పొడిచిన గుల్లలును ప్రక్కన నుండెను. బక్లాండు వానినిజూచి అది రోమనుల కాలపు స్త్రీ యస్థిపంజరమని తలంచెను. అందుచే "ఎఱ్ఱదొరసాని" యను పేరు స్థిరపడినది. తరువాతి పరీక్షలలో అది స్త్రీది గాదనియు, యువకునిదనియు తేలినది. పేరు మాత్రము మారలేదు.

ఈ యువకుని కాలము రేడియో కార్బను పద్ధతిచే మాటిమాటికి నిర్ణయింపబడినది. 1960 దశకమున బ్రిటిష్ మ్యూజియము ప్రయోగశాలలో వచ్చిన ఫలితము 18,460 ఏండ్లు, అటునిటు 340. ఆ కాలము హిమయుగమున అతిశీతలదశ. మంచుపలకల యంచు ఆ తీరమునకు చేరువగ నుండెను. అట్టి చోట మనుష్యులు ఏల సంచరించిరి, మృతునకు ఏల ఇంత యాదరముతో సంస్కారము జరిపిరి అని పండితులు తికమకపడిరి. 1980 దశకాంతమున ఆక్స్‌ఫర్డు ప్రయోగశాలలో వచ్చిన ఫలితము 26,350, అటునిటు 550. 2008లో రోజర్ జాకోబీ, టామ్ హైయమ్ అనువారు మఱింత శుద్ధిచేసిన కొలాజెనుతో ప్రకటించిన ఫలితము సుమారు 29,000. సౌరవర్షములలోనికి సవరింపగా 33,000–34,000 ఏండ్లు. ఇది వాతావరణము కొంత వెచ్చబడిన యవధికి సరిపోవుటచే, మనుష్యసంచారమును గూర్చిన తికమక తొలగినది.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. మొదటి ఫలితపు అటునిటు అంకె 340 మాత్రమే. అయినను అది యథార్థమునకు పదివేలయేండ్లకు పైగ దూరమున నున్నది. యంత్రము తప్పుచెప్పలేదు, తనకు ఇచ్చిన కర్బనమును సరిగనే కొలిచినది. మేము లెక్కించి చూడగా, 29,000 ఏండ్ల ఎముక 18,460గ కనబడుటకు నూటికి ఏడున్నరపాళ్లు, 26,350గ కనబడుటకు నూటికి ఒకపాలు నేటి కర్బనము చాలును. చేరిన కర్బనమంతయు నేటిదే కానక్కఱలేదు గాని, దోషపరిమాణమును ఊహించుటకు ఈ లెక్క ఉపకరించును. రెండుపరీక్షల నడుమ ఎముక మారలేదు. శుద్ధిచేయు విధానము మాఱినది.

ఆ శుద్ధివిధానము మెట్టుమెట్టుగ వృద్ధిపొందినది. మొదట ఎముకపొడిని చల్లని పలుచని ఆమ్లములో నాననిచ్చి ఖనిజమును కరగింతురు. క్షారముతో కడిగి హ్యూమికు ఆమ్లములను తొలగింతురు. 1971లో ఫ్రాన్సు దేశస్థుడగు లాన్జాన్ మఱియొక మెట్టు చేర్చెను. మిగిలినదానిని పలుచని ఆమ్లములో వేడిచేసినచో కొలాజెను జెలటినుగా మారి కరగును; కరగని మాలిన్యము అడుగున నిలిచిపోవును. ఇది నేటికిని అన్ని ప్రయోగశాలలకు పునాది. 1977 నుండి పరమాణువులను వేగపఱచి, బరువునుబట్టి వేఱుచేసి, ఒక్కొక్కటిగ లెక్కించు యంత్రములు వాడుకలోనికి వచ్చుటచే, వందలకొలది గ్రాముల ఎముక కావలసిన చోట ఒక గ్రాములోపు మచ్చు చాలినది. మచ్చు చిన్నదగుటవలన దానిని ఎంతైనను శుద్ధిచేయుటకు వీలు కలిగినది.

శుద్ధియైన దనుటకు గుర్తేమి? ఇందుకు 1985లో డినీరో అనునతడు ఒక సులభపరీక్షను సూచించెను. కొలాజెనులో కర్బన, నత్రజని పరమాణువుల నిష్పత్తి 2.9కిని 3.6కిని మధ్య నుండవలెను. మట్టిలోని మాలిన్యమున కర్బనము హెచ్చు గావున అది చేరినచో నిష్పత్తి పెరుగును. హద్దు దాటిన మచ్చును విడిచిపెట్టుట మేలు. కాని హద్దులోపలనున్నంత మాత్రమున నిష్కల్మషమని చెప్పరాదు. ఒకటి రెండు పాళ్ల మాలిన్యమును ఈ నిష్పత్తి పట్టజాలదు. 29,000 ఏండ్ల ఎముకకు ఆ ఒకటి రెండు పాళ్లే ప్రాణాంతకములని పైన జూచితిమి.

అందుచే 1988లో బ్రౌన్, నెల్సన్, వోగెల్, సదన్ అనువారు జెలటినును అతిసూక్ష్మమైన వడపోతకు లోబఱచు విధానమును ప్రకటించిరి. కొలాజెను పోగులు పెద్దవి. శిథిలమైన తునకలును, లవణములును, మట్టియందలి చిన్న అణువులును వడపోతపొరగుండ జారిపోవును. పెద్దవి పైన నిలుచును. పావిలాండు యువకుని చివరి పరీక్షలో ఉపయోగపడినది ఈ విధానమే. కాని వడపోతపొర ఎండకుండుటకై దానికి గ్లిసరిను పూయుట కలదు. ఆ గ్లిసరినులోను కర్బనము కలదు. పొరను చక్కగ కడుగనిచో, కల్మషమును తీయవలసిన సాధనమే కల్మషమును చేర్చును. ఆక్స్‌ఫర్డు ప్రయోగశాలవారు తమ ఫలితములలో ఈ దోషమును తామే కనిపెట్టి, కడుగు విధానమును మార్చి, 2004లో ఆ సంగతిని ప్రకటించిరి. తమ తప్పును తామే బయటపెట్టిన ఈ వైఖరి అన్ని శాస్త్రములవారికిని అనుసరణీయము.

వడపోతయు చాలని సందర్భములు కలవు. క్రొయేషియా దేశమునందలి విందియా గుహలో నియాండర్తలు మానవుల ఎముకలు రెంటికి 1999లో 28,000, 29,000 ఏండ్ల ప్రాంతపు కాలము ప్రకటింపబడినది. ఆధునికమానవులు ఐరోపాను ఆక్రమించిన తరువాత వేలకొలది ఏండ్లవఱకు నియాండర్తలులు వారి ప్రక్కనే జీవించిరనుటకు ఇది ప్రబలాధారమైనది. 2006లో వడపోత చేసి చూడగా కాలము 32,000 ప్రాంతమునకు వెనుకకు పోయినది. 2017లో కొలాజెనునుండి హైడ్రాక్సీప్రోలీను అను ఒక్క అమైనో ఆమ్లమును మాత్రమే వేఱుచేసి పరీక్షింపగా, అది 40,000 దాటినది. ఈ అమైనో ఆమ్లము కొలాజెనులో సమృద్ధిగ నుండును. మట్టియందు ఇతరమార్గముల వచ్చి చేరుట అరుదు. కావున దానిని పట్టుకొన్నచో ఎముక యొక్క స్వంత కర్బనమునే పట్టుకొన్నట్లు. ఆ గుహలో ఇరుజాతులును చిరకాలము కలసియుండిరను వాదమునకు పునాది దీనితో పోయినది. జాతుల సహవాసమును గూర్చిన ఒక పెద్ద సిద్ధాంతము నూటికి రెండు మూడు పాళ్ల మాలిన్యముపై నిలిచియుండెనని యిపుడు తెలియుచున్నది.

ఈ విధానమునకును ఒక హద్దు కలదు. పూర్వము ప్రదర్శనశాలలలో ఎముకలు విరిగిపోకుండుటకు జిగురు పూయుచుండిరి. ఆ జిగురు జంతుచర్మములనుండియు ఎముకలనుండియు తీసినదైనచో అదియు కొలాజెనే. దానిలోను హైడ్రాక్సీప్రోలీను కలదు. అట్టిచోట పాలనుండి నీటిని వేఱుచేయు హంస గూడ ఓడిపోవును, ఏలనన ఇచట కలసినవి రెండును పాలే. కావున ఎముకకు ఎపుడు, ఎవరు, ఏమి పూసిరో తెలుపు పాతదస్త్రములు ప్రయోగశాలకు యంత్రమంత యవసరములు.

ఇంతవఱకు బయటినుండి వచ్చి చేరిన కర్బనమును గూర్చి చెప్పితిమి. ఎముక పూర్తిగ శుద్ధమైనను మోసపుచ్చు సందర్భము మఱియొకటి కలదు. అది ఆ మనుష్యుడు తిన్న తిండి. సముద్రజలమున కర్బనము చిరకాలము నిలువయుండుటచే, సముద్రపు చేపలు బ్రదికియున్నపుడే సగటున 400 ఏండ్ల వయస్సు గలవిగ కనబడును. వానిని తిన్న మనుష్యుని ఎముకయు ఆ వయస్సులో కొంత పంచుకొనును. ఇంగ్లండులో డెర్బీషైరు నందలి రెప్టన్ గ్రామమున 1980 దశకమున త్రవ్వగా, 264 మందికి తక్కువగాని జనుల ఎముకలొకచోట దొరికినవి. వానితో దొరికిన నాణెములు క్రీ. శ. 872–875 నాటివి. వైకింగుల మహాసైన్యము క్రీ. శ. 873లో అచట శీతకాలము గడపెనని చరిత్ర చెప్పుచున్నది. కాని రేడియో కార్బను పరీక్షలో కొన్ని ఎముకలు 7, 8 శతాబ్దులవిగ కనబడుటచే, అది యొక సైన్యపు సమాధి గాదను సందేహము పుట్టినది. 2018లో కాట్ జార్మన్ ప్రభృతులు ఆ ఎముకలలోని కర్బన, నత్రజనుల స్థిరభేదములను కొలిచి, ఎవరెంత సముద్రాహారము తినిరో అంచనా వేసి సవరింపగా, అన్ని కాలములును 9వ శతాబ్దికి సరిపడినవి. నాణెము, చరిత్రగ్రంథము, ఎముక మూడును ఏకవాక్యతకు వచ్చినవి.

చివరిమెట్టు కాలసవరణ. వాతావరణమున కర్బనము-14 పాలు అన్ని యుగములందును సమానముగ లేదు. అందుచే ప్రయోగశాల యిచ్చు "కార్బను వయస్సు" సౌరవర్షసంఖ్య గాదు. వృక్షవలయములు, గుహలలోని సున్నపుస్తంభములు, సరస్సుల అడుగుపొరలు మొదలగువాని సాక్ష్యమున కూర్చిన సవరణరేఖద్వారా దానిని మార్చవలెను. ఉత్తరార్ధగోళమునకు 2020లో ప్రకటింపబడిన రేఖ 55,000 ఏండ్లవఱకు పోవును. ఈ రేఖ కొన్నిచోట్ల చదునుగ నుండును. క్రీ. పూ. 800కును 400కును మధ్యనున్న కాలమంతయు కార్బను వయస్సులో 2,450 ప్రాంతముననే గుమిగూడును. దక్షిణభారతమునందలి బృహచ్ఛిలా సమాధులలో పలువాని కాలము ఈ యవధిలోనే పడును. అట్టి సమాధిలోని ఎముకను ఎంత శుద్ధిచేసి కొలిచినను, ఒక్క పరీక్షచే క్రీ. పూ. 700 నాటిదో 500 నాటిదో తేల్చుట దుర్ఘటము.

తెలుగుదేశమునకు సంబంధించినంతవఱకు మఱియొక చిక్కు కలదు. వేడియు తడియు గల నేలలో కొలాజెను త్వరగ నశించును. వేల్సు గుహలో ముప్పదివేల యేండ్లు నిలిచినది మన నల్లరేగడిలో మూడువేల యేండ్లైనను నిలుచునను నమ్మకము లేదు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ కర్నూలు ప్రాంతపు బిలస్వర్గ గుహలలో జంతువుల ఎముకలను విరివిగ త్రవ్వి తీసిరి. అట్టివానిని పరీక్షకు పంపుటకు పూర్వము కొన్ని మిల్లిగ్రాముల పొడిలో నత్రజని యెంతయున్నదో చూచినచో, కొలాజెను మిగిలినదో లేదో తెలియును. లేనిచో ఎముకను నాశనము చేయుట వృథా. రేమండ్ ఆల్చిన్ 1957లో త్రవ్విన ఉట్నూరు బూడిదదిబ్బవంటి చోట్ల కాలనిర్ణయమునకు బొగ్గు తోడ్పడినది. కాని బొగ్గు తెలుపునది చెట్టు వయస్సు. ప్రక్కనున్న ఎముకకు అది వర్తించునని త్రవ్వకపు పొరలనుబట్టి వేఱుగ నిరూపింపవలెను.

కావున పరిశోధకులు ఎముకకాలమును ఉదాహరించునప్పుడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. కొలిచినది ఖనిజమా, కొలాజెనా? శుద్ధి యేవిధానమున జరిగినది? కర్బన, నత్రజనుల నిష్పత్తి ప్రకటింపబడినదా? వయస్సు సవరింపబడినదా, లేదా? మృతుని యాహారము పరిగణింపబడినదా? గణనకు వాడిన అర్ధాయువు లిబ్బీ నిర్ణయించిన 5,568 ఏండ్లా, తరువాత స్థిరపడిన 5,730 ఏండ్లా? ఈ చివరి ప్రశ్న అల్పముగ తోచవచ్చును. అంతర్జాతీయసంప్రదాయమున నేటికిని 5,568నే వాడి, భేదమును సవరణరేఖయందు సరిచేయుదురు. కాని 1960 దశకపు భారతీయప్రకటనలలో రెండును కనబడును. భేదము నూటికి మూడుపాళ్లు. 4,000 ఏండ్లకు 120 ఏండ్లు. రెండు తేదీలను ఈ భేదము గమనింపక పోల్చినచో, లేని పౌర్వాపర్యము ఏర్పడును.

పాత తేదీలన్నియు అసత్యములని మా యభిప్రాయము గాదు. అవి ఆనాటి శుద్ధివిధానమునకు లభించిన పాఠములు. క్రొత్తప్రతి దొరికినప్పుడు పాతపాఠమును పరిశీలించినట్లే వానిని మరల పరిశీలింపవలెను. అట్లు పరిశీలించుటకు మూలము మిగిలియుండవలెను. పావిలాండు యువకుని ఎముకలు ఆక్స్‌ఫర్డు ప్రదర్శనశాలలో భద్రముగ నుండుటచేతనే ఆయన కాలము మూడుమార్లు సవరింపబడి యథార్థమునకు చేరువైనది. త్రవ్వకములలో దొరికిన ఎముకలలో కొంతభాగమునకు ఏ జిగురును పూయక, దొరికిన పొరను వ్రాసి, విడిగ దాచియుంచుట మన చేతిలోనున్న పని. నేటి విధానమునకు అందని యథార్థము రేపటివారికి అందుటకు అంతకుమించిన సహాయము లేదు.